టాంటీ ఎథలీన్ దాచుకున్న కల

జరిగిన కథ తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ఈ వారమే మన వెంట నడక మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. కారియకూ దీవిలో, టిరెల్ బే ఒడ్డున, సముద్రం అడుగు చూడాలని వచ్చేవాళ్ళను నీళ్ళలోకి దింపి చూపించే దుకాణం నడుపుతోంది అన్సెల్మా. ఏడేళ్ళ కిందట ఆమె భర్త కార్లీల్ చేపలకని వెళ్ళి మళ్ళీ రాలేదు. తిరగబడ్డ పడవ దొరికింది గానీ మనిషి దొరకలేదు. ఆ దీవిలో, పోయినవాడి పేర రాయి నిలబెట్టి ఊరందరికీ విందు పెడితే తప్ప వాడు పోయినట్టు లెక్క కాదు, వాడి పెళ్ళాం విధవరాలైనట్టూ లెక్క కాదు. ఆ రాయి కూడా ఎప్పుడు పడితే అప్పుడు నిలబెట్టరు. పోయినవాడే ఇంట్లోవాళ్ళ కలలోకి వచ్చి అడగాలి. తల్లి బతికుంటే ఆమే తన చేత్తో రమ్మూ నీళ్ళూ పోసి నేల తడపాలి. కార్లీల్ ఏనాడూ అన్సెల్మా కలలోకి రాలేదు. నా కలలోకీ రాలేదంటుంది తల్లి, టాంటీ ఎథలీన్. రాలేదు కనుక ఎక్కడో బతికే ఉన్నాడని ఆవిడ పట్టు. ఈలోగా దుకాణంలో పడవ నడిపే ఆల్డెన్ మీద అన్సెల్మాకు మనసు పడింది. రాయి లేచేదాకా ఆ పెళ్ళి జరగదు. పోయినవారం మనం వాళ్ళను వదిలేసరికి, నార్వే నుంచి ఎనిమిదిమంది సెలవులకు వస్తామన్నారు, ఆ ఏర్పాట్లు మాట్లాడ్డానికి ఫోను మోగుతోంది, ఆల్డెన్ రేవులో పడవ తాడు విప్పుతున్నాడు.

*

"నువ్వు ఆ నార్వే ఆవిడతో మాట్లాడుతూ ఉండు. నేనెళ్ళి పీపా ఉందో కొట్టుకుపోయిందో చూసొస్తా," అన్నాడు ఆల్డెన్, ఒక కాలు పడవలో, ఒక కాలు రేవు చెక్క మీద పెట్టి.

సిస్టర్స్ అని దీవికి పడమట రెండు రాళ్ళున్నాయి. పెద్దది అక్క, చిన్నది చెల్లి. ఆ రాళ్ళ దగ్గర పడవ కట్టుకోవడానికి గొలుసుతో ఒక తేలుడు పీపా వేసి ఉంచారు. పోయినవారం గాలి గట్టిగా వీచింది. గొలుసు ఉందో తెగిందో చూసుకోకుండా వచ్చేవాళ్ళకు ఆ చోటు మాటివ్వడం కుదరదు.

"పైనుంచి చూసి రా. ఒంటరిగా దిగకు," అంది అన్సెల్మా. "ఒంటరిగా దిగేవాణ్ణి నేను పెళ్ళి చేసుకోను."

"దిగకపోతే చేసుకుంటావా? ఆ ముక్క మీ అత్త నోట చెప్పించు చూద్దాం."

అతను నవ్వుతూ అన్నాడు గానీ ఆ మాట ఆమెకు నవ్వులా తగల్లేదు. మూడేళ్ళుగా నవ్వుతూనే అడుగుతున్నాడు. ఏదో ఒకరోజు నవ్వు మానేసి, అడగడం కూడా మానేస్తాడని ఆమె భయం. ఆ భయం పైకి చెప్పుకోలేక, ఫోను మోగుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

ఫోను బల్ల మీద పెట్టి, అవతలి గొంతు గదంతా వినబడేట్టు చేసి, సుద్దముక్కతో నల్లబల్ల ముందు నిలబడింది. వచ్చేవాళ్ళ వారమంతా ఆ బల్ల మీద రాసుకోవడం ఆమె అలవాటు. అవతల మిసెస్ హోల్మ్. ఆ ఎనిమిదిమందికీ పెద్ద. మాటలో మాట పెట్టనివ్వని మనిషి.

"మా ఆయనకి చెవిపోటు, మెల్లిగా దించాలి. ఇద్దరు మాంసం ముట్టరు. ఒకమ్మాయి కొత్తగా నేర్చుకుంది, ధైర్యం ఎక్కువ, అనుభవం తక్కువ. రాసుకున్నారా?"

"రాసుకున్నానండీ. చెవిపోటాయన్ని నేను పట్టుకు దిగుతాను. ధైర్యం ఎక్కువున్న పిల్లని ఆల్డెన్‌కి అప్పజెబుతాను, అతనికి ఓపిక ఎక్కువ. మొదటిరోజు శాండీ ఐలాండ్ దగ్గర దిగుదాం. లోతు తక్కువ, ఒళ్ళు అలవాటవుతుంది."

"మొదటిరోజు సిస్టర్స్. మావాళ్ళంతా దానికోసమే వస్తున్నారు."

"అక్కడ నీరు లాగుతుందండీ. రెండ్రోజులు చూసుకుని వెళ్దాం."

"అమ్మాయ్, మేం గడ్డకట్టిన సరస్సులో మంచు కోసి దిగినవాళ్ళం."

మంచు కింద దిగినవాళ్ళకు వెచ్చటి నీళ్ళంటే లోకువ. ఈ రకాన్ని అన్సెల్మా చాలామందిని చూసింది. వాళ్ళతో వాదించి గెలవొచ్చు, కానీ గెలిస్తే వాళ్ళు పక్క దుకాణానికి పోతారు. ఈ ఏడు వచ్చినవాళ్ళే తక్కువ. ఆమె నోరు నొక్కుకుని మొదటిరోజు కింద 'సిస్టర్స్' అని రాసింది. ఆఖరిరోజు నీళ్ళ జోలికి పోకూడదనీ, దిగిన వెంటనే విమానమెక్కితే ఒళ్ళు పాడవుతుందనీ, ఆ రోజు విండ్‌వర్డ్ ఊళ్ళో పడవలు కట్టేవాళ్ళను చూపించి, కందులూ మొక్కజొన్న సంకటితో భోజనం పెట్టిస్తాననీ చెబుతోంది. అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

తిరిగి చూస్తే టాంటీ ఎథలీన్.

ఊరంతా ఆవిడను టాంటీ, అంటే పిన్ని, అనే పిలుస్తారు, అన్సెల్మా ఒక్కతే అత్తా అంటుంది. కొడుకు బయల్దేరింది ఈ రేవు నుంచే కనుక ఈ ఏడేళ్ళలో ఆవిడ ఈ ఒడ్డుకు అడుగు పెట్టలేదు. చేప కావాలన్నా పక్కింటివాళ్ళతో తెప్పించుకునేది. అలాంటిది ఇవాళ ఎండలో నడిచి వచ్చింది. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుంది. చెప్పులు మాత్రం ఇంట్లో తిరిగేవి.

"అత్తా? ఏమైంది? ఒంట్లో బావుందా?"

ఆవిడ లోపలికి వచ్చింది. నల్లబల్ల వంక చూసింది. పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివింది. బల్ల కింద బక్కెట్లో నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు తుడిచే తడిగుడ్డ ఉంటే తీసి, మొదటిరోజు కింద రాసింది రెండు చేతులతో తుడిచేసింది.

"అదేంటత్తా! నా కూడు తుడిచేస్తున్నావు!"

"అక్కడికి ఎవరూ దిగకూడదు."

"హలో? ఏమైంది?" అంది మిసెస్ హోల్మ్.

"ఒక్క నిమిషమండీ." అన్సెల్మా అత్త చేతిలోంచి గుడ్డ లాక్కుంది. "ఎందుకు దిగకూడదు?"

"నీరు లాగుతుంది."

"నీరు ఇవాళ కొత్తగా లాగుతోందా? పదేళ్ళుగా దిగుతున్నాను. అప్పుడెప్పుడూ నీకు నీరు గుర్తు రాలేదే! ఉన్నమాట చెప్పు. ఈ దుకాణం నాలుగు రోజులు నిలబడితే నాకూ ఆల్డెన్‌కీ కాళ్ళ కింద నేల ఉంటుంది. అది నీకు కంటగింపు. అంతేనా?"

"వాడి పేరెత్తకు నా దగ్గర."

"ఎత్తుతాను. ఎందుకెత్తకూడదు? మూడేళ్ళుగా ఇంటి వెనకవైపు నుంచి వచ్చిపోతున్నాడు, దొంగలా. వాడేం పాపం చేశాడు? నీ పైకప్పు ఎగిరిపోతే ఎక్కి రేకులు కొట్టింది ఎవరు? నీ కొడుకు కొట్టాడా?"

అనకూడని మాట అది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ అప్పటికే బయటికి వచ్చేసింది. ఇంకో రోజైతే టాంటీ ఎథలీన్ వీధిలోకి వెళ్ళి, పైనున్న దేవుణ్ణీ కిందున్న ఊరినీ సాక్ష్యం పిలిచేది. ఇవాళ అదేం చెయ్యలేదు. గాలి ట్యాంకులు ఆనించే బెంచీ మీద కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ నెమ్మదిగా ఉండటం చూసే అన్సెల్మాకు ఎక్కువ భయం వేసింది.

"చెల్లి రాయి కింద ఒక బిలం ఉంది," అంది ఆవిడ. "నోరు చిన్నది. లోపల ఓ గదంత ఉంటుంది. ఆటుపోటుకు నీరు తిరిగినప్పుడు మనిషిని లోపలికి పీల్చేస్తుంది."

అన్సెల్మా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆ బిలం నిజమే. చెల్లి రాయి పాదం దగ్గర, నాచు వెనక. ఆమెకు తెలుసు, ఆల్డెన్‌కు తెలుసు. వచ్చినవాళ్ళు సరదాపడి దూరతారని ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. పైనుంచి చూసేవాళ్ళకు అది కనబడదు. వలబుట్టలు వేసే ముసలాళ్ళకు కూడా తెలియదు. ఇక టాంటీ ఎథలీన్ అంటారా, ఆవిడ పుట్టి బుద్ధెరిగాక మోకాలు దాటి సముద్రంలోకి దిగిన మనిషి కాదు.

"నీకెవరు చెప్పారు? ఆల్డెన్ చెప్పాడా?"

"వాడితో నేను మాట్లాడతానా?"

"మరెవరు?"

"ఎవరేంటి? అందులో ఉన్నవాడే చెప్పాడు."

వెనక షెడ్డులో ట్యాంకుల్లో గాలి నింపే మిషన్ దడదడమంటోంది. అన్సెల్మా వెళ్ళి దాన్ని ఆపి వచ్చింది. తను సరిగ్గా వినలేదేమోనని ఆమె ఆశ.

"ఎవరు చెప్పారన్నావు?"

"కార్లీల్. నా కొడుకు." ఆవిడ టోపీ అంచును వేళ్ళతో తిప్పుతోంది. "పడవ దొరికిన వారంలోనే వచ్చాడు కలలోకి. ఒళ్ళంతా తడి. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు, నేల తడిసిపోతుందమ్మా అన్నాడు. చిన్నప్పుడు అందుకే తిట్టేదాన్ని కదా, అది గుర్తుంది వాడికి. మీరంతా తూర్పున వెతుకుతున్నారు, పడవ తూర్పున దొరికిందని. నేను పడమటున్నానమ్మా, చెల్లి కింద ఉన్నాను అన్నాడు. ఆ తర్వాత వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. అమ్మా, నా రాయేది?"

"ఏడేళ్ళు!" అంది అన్సెల్మా. "ఏడేళ్ళుగా వస్తుంటే, రాలేదని చర్చిలో నిలబడి చెప్పావు. పాస్టర్ ముందు చెప్పావు. నా మొహం మీద చెప్పావు."

"చెప్పాను."

"నన్ను విధవనీ కానివ్వలేదు, పెళ్ళాన్నీ కానివ్వలేదు. పెళ్ళి విందుకి పోతే ఏ వరసలో కూచోవాలో తెలీక గుమ్మంలోనే నిలబడ్డ రోజులున్నాయి. నీకు తెలుసు. చూస్తూ కూడా నోరిప్పలేదు. ఏం చేశానత్తా నీకు?"

ఆమెకు అత్తను కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. చేయి లేవకుండా గుడ్డను పిడికిట్లో నలిపేసింది.

"నువ్వేం చెయ్యలేదే," అంది టాంటీ ఎథలీన్. "రాయి నిలబెట్టి, నేల తడిపి, కడుపునిండా పెట్టి పంపితే వాళ్ళిక రారు. నెమ్మదిగా పడుకుంటారు. అదే కదా మనం చేసేది. మా ఆయన అంతే, రాయి లేచిన రాత్రి నుంచి ఒక్కసారి కనబడలేదు. మా అమ్మా అంతే. వీడికీ పెట్టేస్తే నాకేం మిగుల్తుంది? వాడు వచ్చేవాడు. తడిసిపోయి వచ్చినా వచ్చేవాడు. రాయేదని అడిగితే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అడిగి అడిగి ఊరుకునేవాడు. తెల్లారేదాకా అక్కడే నిలబడేవాడు, నాకు తెలుస్తుండేది. కొడుకు చలికి వణుకుతున్నాడని తెలిసి కూడా ఉంచుకున్నాను. నన్ను దేవుడు క్షమించడు. నువ్వూ క్షమించకు."

అన్సెల్మాకు కోపం ఉంది. ఆ కోపం కిందినుంచి ఏడుపు తన్నుకొస్తోంది. అది తనకోసమో, గుమ్మంలో తడిసి నిలబడ్డవాడి కోసమో, ఈ ముసలిదాని కోసమో తెలియడం లేదు. వచ్చి బెంచీ మీద కాస్త దూరంగా కూర్చుంది.

"ఏడేళ్ళు దాచినదానివి ఇవాళెందుకు చెబుతున్నావు?" అంది చివరికి. "ఇవాళా గోడవైపు తిరిగి పడుకోవలసింది."

టాంటీ ఎథలీన్ అప్పుడు తలెత్తి కోడలి కళ్ళలోకి చూసింది.

"తెల్లారుజామున వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా కంచం. సంకటి, శంఖుమాంసం పులుసు. నేను పెట్టలేదు, ఎవరు పెట్టారో తెలీదు. ఒక్కడే రాలేదు. అదే కంచంలో ఇంకొకడు తింటున్నాడు. వీపు నావైపుంది. ఎవర్రా నువ్వు అని భుజం పట్టి తిప్పాను."

"ఎవరు?"

"ఆల్డెన్."

ఈ మాటకు అర్థం కారియకూలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పోయినవాళ్ళు కలలో అన్నం పెడితే బతికున్నవాడు తినకూడదు. కంచం తోసెయ్యాలి, లేదంటే పారిపోవాలి. కూర్చుని తిన్నవాడిని వాళ్ళు తమతో తీసుకుపోతారు. అన్సెల్మా ఇలాంటివి నమ్మదు. సముద్రంలో మనుషులు చచ్చేది తొందరపాటు వల్ల, గాలి అయిపోవడం వల్ల, నీటి వేగం తెలియకపోవడం వల్ల అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పే మనిషి. అంత నమ్మని మనిషికి కూడా ఆ బిలం సంగతి గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

"నోట్లో ముద్ద ఉంది వాడికి," అంది టాంటీ ఎథలీన్. "ఉమ్మెయ్యరా అని దవడలు పట్టుకున్నాను. నాకు వాడంటే మంట. నా కొడుకు మంచం మీద పడుకుంటాడేమోనని మంట. కానీ వాడికీ ఒక తల్లి ఉంది కదే, పక్క దీవి పెటీట్ మార్టినిక్‌లో. దాన్ని కూడా నాలాగా గోడవైపు తిరిగి పడుకోమంటానా? అందుకే చెప్పులు కూడా మార్చుకోకుండా వచ్చాను. వాణ్ణి ఆ రాళ్ళ దగ్గరికి పంపకు. రాయి నిలబెట్టుకోండి. నేనే వచ్చి నేల తడుపుతాను. వాడెక్కడ? పిలు, నేనే చెబుతాను."

కావలసిన మాట అది. మూడేళ్ళుగా ఆల్డెన్ నవ్వుతూ అడిగిన మాట. అది వినడానికి అతను అక్కడ లేడు.

అన్సెల్మా లేచి గోడకున్న వైర్‌లెస్ అందుకుంది.

"ఆల్డెన్, ఆల్డెన్. నేను అన్సెల్మాని. పలుకు."

గరగరమన్న చప్పుడు తప్ప జవాబు లేదు.

"పైనుంచి చూసి రమ్మన్నాను," అంది, అత్తకు చెబుతున్నట్టు. "ఒంటరిగా దిగకన్నాను. వైర్‌లెస్ కట్టేసి ఉంటాడు. ఎప్పుడూ కట్టేస్తాడు, బ్యాటరీ అయిపోతుందని." ఆ మాటలు అంటూనే ఆమె కాళ్ళు షెడ్డులోకి లాక్కుపోయాయి.

పేరు రాసి ఉన్న కొక్కేలకు నీళ్ళలో దిగే రబ్బరు దుస్తులు వరసగా వేలాడుతున్నాయి. ఆల్డెన్ కొక్కెం ఖాళీగా ఉంది. కింద అతని ట్యాంకు లేదు. కాళ్ళకు తొడిగే ఈత రెక్కలు లేవు. పైనుంచి చూసి వచ్చేవాడికి ఇవన్నీ ఎందుకు? గొలుసు చూసుకోకుండా ఆ చోటు మాటివ్వకూడదని తనే అంటుంది. గొలుసు అడుగుదాకా బాగుందని చెబితే తను సంతోషిస్తుందని అతను అనుకుని ఉంటాడు. అంతకన్నా పెద్ద కారణం అతనికి ఏనాడూ అక్కర్లేదు.

పరుగున వచ్చి మళ్ళీ వైర్‌లెస్ పట్టుకుంది. ఈసారి ఆల్డెన్‌ను కాదు, ఆ రాళ్ళ చుట్టుపక్కల వలబుట్టలు వేసుకునే ముసలి మెక్‌లారెన్‌ను పిలిచింది. అతను వెంటనే పలికాడు.

"చెప్పమ్మా."

"ఆల్డెన్ పడవ కనబడుతోందా తాతా?"

"ఎందుకు కనబడదు! పీపాకి కట్టేసి ఉంది. మనిషే లేడు. దిగినట్టున్నాడు."

"బుడగలు చూడు తాతా. బుడగలు వస్తున్నాయా?"

పడవ అటు తిప్పుతున్నట్టు ఇంజను చప్పుడు వినబడింది, తర్వాత ఆగిపోయింది.

"ఇందాక వస్తుండేవమ్మా," అన్నాడు. "ఇప్పుడు రావటంలేదు. నీరు తిరిగింది."

బల్ల మీద ఫోనులోంచి మిసెస్ హోల్మ్ గొంతు చాలా చిన్నగా వినిపించింది. "అన్సెల్మా, మేం అంతా విన్నాం. ఫోను పెట్టేస్తాం. నువ్వు వెళ్ళు." ఆవిడ నోటినుంచి ఆ పూట అంత తక్కువ మాట రావడం అదే మొదలు.

అన్సెల్మా రెండు ట్యాంకులు చంకనేసుకుని రేవుకు పరిగెత్తింది. జోడీ లేకుండా దిగకూడదని తనే అందరికీ చెబుతుంది, ఇవాళ తనకు జోడీ లేదు. దిగితే ఎక్కడ దిగాలి? నీరు తిరిగాక ఆ రాళ్ళ చుట్టూ అడుగు కనబడదు. నాచు వెనక అంత చిన్న నోరు వెతికి పట్టుకునేసరికి లోపలున్నవాడి గాలి అయిపోతుంది. తొందరలో రెండో పడవ తాడు ముడి ఊడి రావడం లేదు.

పక్కనుంచి ఇంకో రెండు చేతులు వచ్చి ఆ ముడి విప్పాయి. టాంటీ ఎథలీన్ టోపీ రేవు మీద పడేసి, గౌను మోకాళ్ళ పైకి ఎత్తి కట్టుకుని, కొడుకు పోయాక ఏ పడవ అంచూ ముట్టని మనిషి, కోడలికన్నా ముందు పడవలోకి దిగి ముందు చెక్క మీద కూర్చుంది.

"అత్తా, నువ్వెక్కడికి? దిగు!"

"ఇంజను వెయ్యవే," అంది ఆవిడ, పడమటికి మొహం తిప్పి. "బిలం నోరు ఎటుందో నేను చూపిస్తాను. ఏడేళ్ళుగా వాడు నాకు అదే చూపిస్తున్నాడు."